రాయలవారి మాలయు, చెఱువును

శ్రీకృష్ణదేవరాయలన గజపతులను గెల్చిన పరాక్రమమును, అష్టదిగ్గజముల సభయును మనకు స్ఫురించును. ఆ మహారాజు నీటిని గూర్చి యేమి తలచెనో విచారించువారు తక్కువ. వానకై యాకసము వంక జూచు మన సీమవారికి ఆ విచారణ మిక్కిలి యవసరము.

రాయలు 1509 మొదలు 1529 వఱకు విజయనగరమును పాలించెను. కళింగ దండయాత్రా కాలమున, 1515లో, మన అహోబిల నృసింహుని సేవించి కానుకలర్పించెను. ఆ దండయాత్రలోనే కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఏకాదశి నుపవసించిన రాత్రి ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని యానతిచ్చెనట. అదియే ఆముక్తమాల్యద.

ఆ కావ్యమున విష్ణుచిత్తులవారు శ్రీవిల్లిపుత్తూరున స్వామికి తులసిమాలలు సమర్పించు భాగవతోత్తములు. వారి యతిథిపూజ ఋతువుల ననుసరించి నడచును. జడివాన పట్టిన దినములలో ఇల్లాలు పొగ కంట బడకుండ టెంకాయ చిప్పలతో వండి, పప్పు, కూరలు, వడియములు, వరుగులు, పెరుగు వడ్డించును. ఎండలో నెండిన కాయయే వానలో విందగును. ప్రకృతితో పోరక, దానితో నడచుట యనగా నిదియే.

అందే నాల్గవ యాశ్వాసమున యామునాచార్యులు కుమారునకు రాజనీతి నుపదేశింతురు. నేల కొంచెమైనను గుంటలు, కాలువలు త్రవ్వించి, పేదరైతుకు పన్నులో నయము చూపినచో అర్థమును ధర్మమును పెరుగునని దాని సారము.

రాయలు దానిని పద్యమునకే విడువలేదు. పోర్చుగీసు యాత్రికుడు పేస్ 1520 ప్రాంతమున రాజధాని చెంత నొక మహాతటాకపు పని చూచెను. 15, 20 వేలమంది చీమలబారువలె శ్రమించుచుండిరనియు, కట్ట రెండు మూడు మాఱులు తెగెననియు వ్రాసెను. అయినను రాజు పని మానలేదు. న్యూనిజ్ వ్రాతను బట్టి, నీరు పాఱిన భూములను ప్రజలకు 9 ఏండ్లు పన్ను లేకుండ నొసగెను.

రాయల రాజధానిని తాకి పాఱిన ఆ తుంగభద్రయే సుంకేసుల వద్ద కర్నూలు కడప కాలువలోనికి మరలి నేడు నందికొట్కూరు పొలములను తడుపుచున్నది. కాలువ యెక్కని మెట్టనేలలకు ఊరి చెఱువే దిక్కు. ఆ చెఱువులు పూడికతో నిండుచుండ మనము చూచుచు నూరకుందుము.

ధనుర్మాసమున తిరుప్పావై పఠించు నింటింట, గోదమ్మతో గూడ నెలకు మూడు వానలను కోరుచున్నాము. కురిసిన వానను నిలుపుకొనక మఱల వాన నడుగుట యెట్లు? స్వామికి తులసిమాల కట్టిన చేతితోనే చెఱువున తట్టెడు మన్ను తీయుటయు కైంకర్యమేయని గ్రహింతుము గాక.