పండిత రమాబాయి

పండిత రమాబాయి 1858వ సంవత్సరమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి లోకనిందకు వెఱవక భార్యకు సంస్కృతము నేర్పెను. ఆ తల్లియే రమాబాయికి గురువయ్యెను. 1874వ సంవత్సరపు క్షామకాలమున తలిదండ్రులిరువురును గతించిరి. 1878లో కలకత్తా పండితులు ఆమె విద్వత్తును మెచ్చి సరస్వతి యను బిరుదమొసంగిరి. 1882లో భర్త మరణింపఁగా పసికూఁతుతో నొంటరియయ్యెను.

తనవంటి వితంతువులకు పాఠశాల పెట్టవలెనని యామె సంకల్పము; చేత ధనము లేదు. 1886లో అమెరికాకేఁగి యూరూర నుపన్యసించెను. ఒక్క శ్రీమంతుని దానమునే నమ్ముకొనక, ఏటేట కొంత చందా పదియేండ్లు చెల్లింతుమని పలువురచే వాగ్దానము చేయించెను. 1887లో బోస్టను నగరమున నిందుకొక సంఘమేర్పడెను. 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదాసదనము తెఱవఁబడెను. పిమ్మట కర్వేపండితుని పత్నియైన గోదూబాయి యచటి తొలి విద్యార్థినులలో నొకతె.

సదనము పూనాకు మారిన పిదప, 1893లో బాలికలను క్రైస్తవమతమున కలుపుచున్నారను కలకలము పుట్టెను. స్థానిక సలహాదారులు తొలఁగిరి. పెక్కుమంది తలిదండ్రులు బిడ్డలను మాన్పించిరి. అయినను పాఠశాల మూఁతపడలేదు. దూరదేశపు చందాదారుల సాయము 1898లో గడువు తీఱువఱకు నిలిచెను. ఆమె మరల నమెరికాకేఁగి లెక్క యొప్పగింపఁగా, క్రొత్త సంఘమొకటి యా భారమును వహించెను. 1922 ఏప్రిలు 5వ తేదీన రమాబాయి పరమపదించెను.

బాలబాలికలారా! చందా చిన్నదని సిగ్గుపడకుఁడు. ఇచ్చెదనన్న మాట నిలుపుకొనువారు పలువురుండిన, పాఠశాల గాలివానకైనను కూలదు.