ఆటస్థలం నుంచి చట్టసభకు

హైదరాబాదు నగరంలో నాంపల్లి, ఆబిడ్స్, బషీర్‌బాగ్ ప్రాంతాల నడుమ ఒక విశాలమైన క్రీడాస్థలం ఉన్నది. 1687లో గోల్కొండ ముట్టడి కాలంలో మొగలు సేనలు అక్కడ విడిది చేశాయనీ, వారి విజయానికి గుర్తుగా ఆ స్థలానికి ఫతేమైదాన్ అనే పేరు వచ్చిందనీ చెబుతారు. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ మైదానానికి చేరువలోనే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకొని శాసనసభా భవనం ఉన్నది. ఒకచోట ఆటగాళ్లు గెలుపు కోసం పోటీపడతారు. మరొకచోట ప్రజాప్రతినిధులు రాష్ట్ర భవితవ్యాన్ని చర్చిస్తారు. ఈ రెండింటి మధ్య నడక దూరం కొద్ది నిమిషాలే. కాని ఒక మనిషి జీవితంలో ఆటస్థలం నుంచి చట్టసభకు చేరే మార్గం అంత సులువైనది కాదు. ఆ మార్గంలో నడిచి, కీర్తినీ అపకీర్తినీ కూడా చవిచూసిన తెలుగువాడు పూసపాటి విజయానంద గజపతి రాజు. క్రికెట్ లోకం ఆయనను విజ్జీ అనే ముద్దుపేరుతో ఎరుగును.

ఫతేమైదాన్‌లో తొలి టెస్ట్ మ్యాచ్ 1955 నవంబరులో భారత్, న్యూజిలాండ్ జట్ల మధ్య జరిగింది. హైదరాబాదీయుడైన గులాం అహమ్మద్ భారత జట్టుకు నాయకత్వం వహించారు. పాలీ ఉమ్రిగర్ ఆ మ్యాచ్‌లో 223 పరుగులు సాధించారు. భారత ఆటగాడు టెస్ట్ క్రికెట్‌లో చేసిన మొదటి ద్విశతకం అదే. అప్పుడు భారత క్రికెట్ నియంత్రణ మండలికి అధ్యక్షుడుగా ఉన్నవారు విజ్జీ. అంతకు సరిగ్గా పంతొమ్మిదేళ్ల క్రితం, 1936లో, భారత క్రికెట్ ప్రతిష్ఠకు భంగం కలిగించిన నాయకుడుగా ఆయన విమర్శల పాలైనారు. అట్టి వ్యక్తి మరల గౌరవస్థానాన్ని ఎట్లు పొందగలిగారో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని మొదటినుంచి పరిశీలించాలి.

విజయానంద గజపతి రాజు 1905 డిసెంబర్ 28న విజయనగరం సంస్థానాధీశుల వంశంలో జన్మించారు. ఆయన తండ్రి పూసపాటి విజయరామ గజపతి రాజు. గురజాడ అప్పారావు వంటి మహనీయులు సేవలందించిన సంస్థానమది. విద్యకూ, సంగీతానికీ, వ్యాయామానికీ అక్కడ సమానమైన ఆదరణ ఉండేది. విజయానందులు రెండవ కుమారుడు కావటం చేత సింహాసనంపై ఆయనకు హక్కు లేదు. అందువల్లనే మహారాజకుమార అనే బిరుదు జీవితాంతం ఆయన పేరుతో నిలిచిపోయింది. అజ్మీర్‌లోని మేయో కళాశాలలోను, ఆపైన ఇంగ్లండులోను ఆయన విద్యాభ్యాసం సాగింది. 1922లో తండ్రి మరణించగా, అన్నగారు సంస్థానానికి అధిపతి అయినారు. విజయానందులు కాశీలో తమ కుటుంబానికి గల ఆస్తులను చూసుకొనటానికి అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు.

సింహాసనం దక్కని రాకుమారునికి క్రికెట్ మరొక సామ్రాజ్యంగా కనిపించింది. 1926లో ఆయన సొంతంగా ఒక జట్టును ఏర్పాటు చేసి, కాశీలోని తమ భవన ప్రాంగణంలో మైదానాన్ని నిర్మించారు. ప్రతిభ ఉన్న వారిని వెదకి పిలిపించేవారు. ఇందౌర్‌కు చెందిన ముస్తాక్ అలీ పాఠశాలలో చదువుకొనే బాలుడుగా ఉన్నప్పుడే ఆయన శక్తిని గుర్తించి, కాశీకి రప్పించి శిక్షణ ఇప్పించారు. 1930-31లో దేశంలోని రాజకీయ పరిస్థితుల కారణంగా ఇంగ్లండు జట్టు తన భారత పర్యటనను రద్దు చేసుకొన్నది. అప్పుడు విజ్జీ తన ఖర్చుతో ఒక జట్టును సమకూర్చి భారతదేశంలోను, సింహళంలోను పర్యటింపజేశారు. ప్రపంచ ప్రసిద్ధులైన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఆ జట్టులో ఆడారు. అంతకు ముందు ఎందరు ఆహ్వానించినా భారతదేశానికి రాని హాబ్స్‌ను రప్పించగలగటం సామాన్య విషయం కాదు. కొన్నేళ్ల తరువాత వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా ఆయన మన దేశానికి తీసుకొని వచ్చారు.

క్రీడను పోషించటంతో విజ్జీ తృప్తి చెందలేదు. భారత జట్టుకు నాయకుడు కావాలన్న కోరిక ఆయన మనసులో బలపడింది. ఆ రోజులలో రాజవంశీయులే జట్టుకు నాయకులు కావాలన్న అభిప్రాయం ఉండేది. 1932లో భారత జట్టు తన మొదటి టెస్ట్ కోసం ఇంగ్లండు వెళ్లినప్పుడు పోరుబందర్ మహారాజు నాయకుడుగా నియమితులైనారు. కాని ఆయన తన ఆటలోని లోపాన్ని తానే గ్రహించి, టెస్ట్ మ్యాచ్‌లో నాయకత్వాన్ని కఠారి కనకయ్య నాయుడుకు అప్పగించారు. నాయుడుగారు నాగపూర్‌లో జన్మించిన తెలుగువారు. వారి పూర్వులు మచిలీపట్నం ప్రాంతం వారు. సింహాసనం కంటె సామర్థ్యం గొప్పదని ఒక రాజు అంగీకరించిన సందర్భమది. నాలుగేళ్లు గడిచేసరికి విజ్జీకి అదే పరీక్ష ఎదురైంది.

1936లో ఇంగ్లండు పర్యటనకు మొదట పటౌడీ నవాబును నాయకుడుగా అనుకొన్నారు. ఆయన అనారోగ్య కారణంగా తప్పుకొన్నారు. అనుభవాన్ని బట్టి, ప్రతిభను బట్టి చూస్తే కనకయ్య నాయుడే ఆ పదవికి తగినవారు. కాని విజ్జీ తన ధనబలాన్ని, ప్రభుత్వ పెద్దలతో తనకు గల స్నేహాన్ని వినియోగించుకొని ఆ స్థానాన్ని పొందారు. వైస్రాయి లార్డ్ విల్లింగ్‌డన్ ఆయనకు ఆప్తుడు. ఆ పదవిని కోరి తెచ్చుకొన్న విజ్జీ దానిని నిర్వహించలేకపోయారు. జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. సొంతగడ్డపై తన మొదటి టెస్ట్‌లోనే శతకం చేసి దేశమంతటా పేరు పొందిన లాలా అమరనాథ్ ఆ పర్యటనలో అద్భుతంగా ఆడుతుండేవారు. ఒక మ్యాచ్‌లో బ్యాటింగ్ వరుసలో తనను వెనుకకు నెట్టారని ఆగ్రహించి ఆయన దురుసుగా మాట్లాడగా, క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్ట్ ఆరంభం కాకముందే ఆయనను స్వదేశానికి తిప్పి పంపారు. ఓడలో ఒంటరిగా తిరిగి వచ్చిన ఆ యువకుని చూసి దేశం నివ్వెరపోయింది.

ఆ పర్యటనలో మూడు టెస్టులు జరిగాయి. భారత జట్టు రెండింటిలో ఓడిపోయి, ఒకదానిని డ్రాగా ముగించింది. మూడు టెస్టులలో కలిపి నాయకుడు చేసిన పరుగులు 33 మాత్రమే. పర్యటన సాగుతున్న రోజులలోనే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదును ఇచ్చింది. బిరుదు పెరిగింది కాని పరుగులు పెరగలేదు. అయితే మాంచెస్టర్‌లో జరిగిన రెండవ టెస్ట్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి జట్టును ఆదుకొన్నారు. విదేశీ గడ్డపై టెస్ట్ శతకం చేసిన మొదటి భారతీయుడుగా ముస్తాక్ అలీ ఆనాడు చరిత్రకెక్కారు. కాశీలో విజ్జీ పెంచిన మొక్కే ఆనాడు ఫలించింది. ప్రతిభను గుర్తించి పోషించటంలో ఆయన సమర్థుడనీ, ఆ ప్రతిభను మైదానంలో నడిపించటంలో అసమర్థుడనీ ఒకే పర్యటన నిరూపించింది.

జట్టు తిరిగి వచ్చిన తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. 1937 జనవరిలో ఆ సంఘం తన నివేదికను వెలువరించింది. అమరనాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. ఫీల్డర్లను నిలపటంలోను, బౌలర్లను మార్చటంలోను నాయకునికి తగిన అవగాహన లేదనీ, బ్యాటింగ్ వరుసలో నిలకడ లేదనీ విమర్శించింది. విజ్జీ మరల టెస్ట్ మ్యాచ్ ఆడలేదు. ఆయన క్రికెట్‌కు కొంతకాలం దూరమైనారు.

ఆయన రాజకీయ జీవితం కూడా తొలుత ఇదే రీతిగా ప్రారంభమైంది. 1937 ఎన్నికలలో సంయుక్త రాష్ట్రాలలో కాంగ్రెస్ పార్టీ ఆధిక్యం సంపాదించింది. కాని గవర్నర్ అధికారాల విషయమై స్పష్టత లేకపోవటంతో అది వెంటనే మంత్రివర్గాన్ని ఏర్పరచలేదు. అప్పుడు ఛతారీ నవాబు నాయకత్వంలో ఒక తాత్కాలిక మంత్రివర్గం ఏర్పడగా, అందులో విజ్జీ మంత్రి అయినారు. శాసనసభలో బలం లేని ఆ మంత్రివర్గం కొద్ది నెలలు మాత్రమే నిలిచింది. జూలైలో గోవింద వల్లభ పంత్ నాయకత్వంలో కాంగ్రెస్ అధికారాన్ని స్వీకరించింది. ఆటలో లభించిన నాయకత్వం వలెనే, పాలనలో లభించిన పదవి కూడా పైవారి అనుగ్రహం వల్ల వచ్చినదే గాని జనబలం వల్ల వచ్చినది కాదు.

కాలం మారింది. దేశం స్వాతంత్ర్యం పొందనున్న 1947లో విజ్జీ తన సర్ బిరుదును విడిచిపెట్టారు. సంస్థానాలు, జమీందారీలు అంతరించాయి. వంశ గౌరవమొక్కటే మనిషిని నిలబెట్టలేని కాలం వచ్చింది. విజ్జీ క్రికెట్ నిర్వహణ రంగంలోకి ప్రవేశించి, ఉత్తరప్రదేశ్‌లో ఆటను వృద్ధి చేయటానికి శ్రమించారు. 1952లో పాకిస్తాన్ జట్టు మొదటిసారి భారత పర్యటనకు వచ్చినప్పుడు లాలా అమరనాథ్ భారత జట్టు నాయకుడైనారు. అమరనాథ్‌ను మరల ఆ స్థానంలో నిలపటానికి కృషి చేసినవారిలో నాటి బోర్డు ఉపాధ్యక్షుడైన విజ్జీ ముఖ్యులు. తాను ఓడ ఎక్కించి తిప్పి పంపిన యువకునికే ఆయన పదహారేళ్ల తరువాత నాయకత్వం దక్కేటట్లు చేశారు.

కనకయ్య నాయుడు విషయంలోను ఆయన అదే విధంగా ప్రవర్తించారు. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయకత్వం వహించవలసినదిగా నాయుడుగారిని ఆహ్వానించారు. అప్పటికి నాయుడుగారి వయస్సు 61 సంవత్సరాలు. ఆ వయస్సులో కూడా ఆయన రంజీ ట్రోఫీ పోటీలలో యువకులతో సమానంగా ఆడి, చూచినవారిని ఆశ్చర్యపరిచారు. ఒకనాడు ఎవరిని కాదని విజ్జీ నాయకత్వాన్ని పొందారో, వారికే తన రాష్ట్ర జట్టు పగ్గాలను అప్పగించారు. తప్పును దిద్దుకొనటానికి ఇంతకంటె మంచి మార్గం లేదు.

ఆ దశాబ్దంలో విజ్జీ క్రికెట్ వ్యాఖ్యాతగా కూడా ప్రసిద్ధి పొందారు. 1959లో భారత జట్టు ఇంగ్లండులో పర్యటించినప్పుడు బీబీసీ ఆయనను అతిథి వ్యాఖ్యాతగా ఆహ్వానించింది. భారత ప్రభుత్వం 1958లో ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. సర్ బిరుదు పరాయి ప్రభుత్వం ఇచ్చినది. పద్మభూషణ్ స్వతంత్ర దేశం ఇచ్చినది. ఒకదానిని వదలుకొన్న చేతులే మరొకదానిని అందుకొన్నాయి.

చాలాకాలం కాశీలో గడిపిన విజ్జీ ప్రజాప్రతినిధిగా తన పూర్వుల నేలకు తిరిగి వచ్చారు. 1960లో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు. 1937లో మంత్రి పదవి ఆయనను వెదకుకొంటూ వచ్చింది. 1960లో ఆయనే ఓటరు ముంగిటికి వెళ్లవలసి వచ్చింది. పూసపాటి వంశంలో ఈ మార్పు ఆయన ఒక్కరిదే కాదు. అన్నగారి కుమారుడైన పి.వి.జి. రాజు సోషలిస్టు నాయకుడుగా ప్రజల మధ్య పనిచేసి, 1958లో విద్యావ్యాప్తి కోసం మాన్సాస్ ధర్మనిధిని నెలకొల్పారు. పాలించిన వంశం ప్రజల తీర్పునకు తలవంచటం నేర్చుకొన్న కాలమది.

1965 డిసెంబర్ 2న విజ్జీ కాశీలో మరణించారు. షష్టిపూర్తి కావటానికి అప్పటికి కొద్ది రోజులు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆయన మరణానంతరం విశ్వవిద్యాలయాల మండల జట్ల మధ్య జరిగే క్రికెట్ పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. విజయనగరంలోని క్రీడాస్థలం కూడా ఆయన పేరుతో ఉన్నది. విద్యార్థుల ఆటకు ఆయన పేరు నిలవటం ఎంతో సముచితం. ఎందుకంటే యువకులలోని ప్రతిభను గుర్తించటమే ఆయన జీవితంలోని నిజమైన విజయం.

మహాపురుషుల చరిత్రలు మనకు ఆదర్శాలను చూపుతాయి. విజ్జీ వంటి వారి చరిత్రలు మనకు హెచ్చరికను, ధైర్యాన్ని కూడా ఇస్తాయి. ధనంతో జట్టును కొనవచ్చును, పరిచయంతో పదవిని పొందవచ్చును. కాని మైదానంలో నిలిచినప్పుడు బ్యాటు తప్ప మరేదీ మాట్లాడదు. చట్టసభకైనా అదే నియమం వర్తిస్తుంది. ఆ సత్యాన్ని విజ్జీ చేదు అనుభవంతో నేర్చుకొన్నారు. అయితే ఓటమితో కుంగిపోక, తాను అన్యాయం చేసినవారిని గౌరవించి, తాను ప్రేమించిన ఆటకు సేవ చేసి, తన రెండవ ఇన్నింగ్స్‌ను చక్కదిద్దుకొన్నారు. తప్పు చేయటం మానవ సహజం. దానిని గ్రహించి సరిదిద్దుకొనటంలోనే మనిషి ఔన్నత్యం ఉన్నది.