పేరు చాటున దాగిన యంత్రశిల్పి : విల్‌హెల్మ్ మైబాఖ్

భవనమును చూచి మెచ్చుకొనువారు అనేకులు. పునాదిరాయిని తలచుకొనువారు అరుదు. మోటారు వాహన చరిత్రలో అట్టి పునాదిరాయి వంటివాడు జర్మనీ దేశస్థుడైన విల్‌హెల్మ్ మైబాఖ్. నేడు ఆ పేరు వినగానే కోట్ల రూపాయల ఖరీదు గల కారు జ్ఞప్తికి వస్తుంది గాని, ఆ పేరు గల మనిషి అనాథాశ్రమములో పెరిగిన పేదబాలుడని ఎందరికి తెలుసు? ఆయన జీవితమును విద్యార్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. తెలుగు పాఠములు చెప్పుకొను మాకు యంత్రములతో పనియేమని కొందరు అడుగవచ్చును. ఆ కారణము కూడ చెప్పవలసియే ఉన్నది.

గత సంవత్సరము మన కళాశాలలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనలో ఒక పాత కార్బురేటర్‌ను నిలువుగా కోసి, లోపలి దారులకు రంగులు వేసి చూపిన నమూనాను పలువురు మెచ్చుకొన్నారు. నమూనాల ముందు ఉంచు అట్టలపై తెలుగులో వ్రాయు పని మాది. ఆ అట్టపై శాఖ పేరు వ్రాశాము. పర్యవేక్షించిన అధ్యాపకుల పేర్లు వ్రాశాము. ఆ లోహపు ముద్దను రంపముతో కోసి, ఆకురాయితో నునుపు చేసిన విద్యార్థి పేరు వ్రాయలేదు. అతడు ఏమియు అనలేదు. కొన్నాళ్ళకు మమ్ములను తన తండ్రిగారి మోటారు షెడ్డుకు ఆదరముతో తీసికొని వెళ్ళాడు.

అక్కడ ఒక పాత అంబాసిడర్ కారు ఉన్నది. బానెట్టు ఎత్తి చూడగా అంతయు పాతదే. గాలి వడపోయు గుండ్రని డబ్బా, దాని ప్రక్కన కార్బురేటర్, ఆవలి ప్రక్క డిస్ట్రిబ్యూటర్, అన్నియు యథాస్థానములలో ఉన్నవి. అయితే ఆ కార్బురేటర్ లోపల కార్బురేటర్ లేదని విని మేము ఆశ్చర్యపోయాము. దాని జెట్లు, ఫ్లోటు తీసివేసి, ఖాళీ అయిన గుల్లలో విద్యుత్తుతో తెరచుకొను ఇంజెక్టర్‌ను అమర్చారు. డిస్ట్రిబ్యూటర్ మూత క్రింద ఇంజను ఎంత తిరిగినదో కనిపెట్టు పరికరము దాగి ఉన్నది. పెట్రోలును మూడు బార్ల పీడనముతో నెట్టు పంపు ట్యాంకు లోపల కూర్చున్నది. వీటి అన్నింటిని నడుపు చిన్న కంప్యూటరు పాత రేడియో పెట్టెలో ఒదిగి ఉన్నది. ఆ కంప్యూటరులో ఒక పట్టిక ఉంటుంది. ఇంజను వేగము ఒక వైపు, లోనికి పోవు గాలి పీడనము మరియొక వైపు; 16 వరుసలు, 16 నిలువులు, మొత్తము 256 గడులు. ఏ గడిలో ఉన్నప్పుడు ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకనులు తెరచి ఉండవలెనో మెకానిక్ ఆ గడిలో వ్రాయవచ్చును. నాలుగు ఘాతముల ఇంజను నిమిషమునకు 3000 సార్లు తిరుగునప్పుడు ప్రతి సిలిండరులోను సెకనుకు 25 సార్లు మంట పుట్టవలెను. ఆ లెక్క అంతయు రేడియో పెట్టెలో జరిగిపోతున్నది. చూచువారికి మాత్రము పాత కారే కనబడుతున్నది.

ఆ గుల్లను చేతిలో పట్టుకొన్నప్పుడు, ఇంతకాలము అందులో ఉండి తీసివేయబడిన ఆ చిన్న జెట్టును మొదట ఊహించినది ఎవరు అను ప్రశ్న కలిగినది. ఆ ప్రశ్న మమ్ములను మైబాఖ్ వద్దకు చేర్చినది.

విల్‌హెల్మ్ మైబాఖ్ 1846వ సంవత్సరము ఫిబ్రవరి 9న హైల్‌బ్రోన్ పట్టణములో ఒక వడ్రంగి ఇంట జన్మించాడు. అన్నదమ్ములు అయిదుగురు. ఎనిమిదవ ఏట తల్లి, పదవ ఏట తండ్రి మరణించారు. గుస్టావ్ వెర్నర్ అను మతబోధకుడు రాయిట్లింగెన్‌లో నడుపుచున్న ఆశ్రమము ఆ బాలుని చేరదీసినది. అక్కడ పిల్లలకు అన్నముతో పాటు పని కూడ నేర్పేవారు. ఆశ్రమమునకు స్వంత యంత్రశాల కలదు. బాలునికి గీతలు గీయుటలో గల నేర్పును పెద్దలు గుర్తించారు. పగలు నమూనా గదిలో పని చేస్తూ, పట్టణ పాఠశాలలో భౌతికశాస్త్రము, గణితము అభ్యసించాడు.

1863 చివర ఆ యంత్రశాలకు అధికారిగా గాట్లీబ్ డైమ్లర్ వచ్చాడు. వయసులో మైబాఖ్ కంటె పన్నెండేండ్లు పెద్ద. ఆయన ఈ మితభాషియైన యువకుని చేతిలోని పెన్సిలును చూచాడు, మరి విడువలేదు. డైమ్లర్ కార్ల్‌స్రూహేకు వెళ్ళగా మైబాఖ్ వెంట వెళ్ళాడు. 1872లో కొలోన్ సమీపమున గల డాయిట్జ్ కర్మాగారమునకు డైమ్లర్ వెళ్ళగా అక్కడికీ వెళ్ళి, ప్రధాన రూపకర్త అయినాడు. నికొలాస్ ఆటో 1876లో సాధించిన నాలుగు ఘాతముల ఇంజను అక్కడిదే. దానిని కర్మాగారములో వరుసగా తయారు చేయుటకు అనువుగా తీర్చిదిద్దినది మైబాఖ్. ఇంజను ఆటో పేరుతో లోకప్రసిద్ధమైనది. అది న్యాయమే, కాని ఆ పేరు చాటున పని చేసిన చేయి ఎవరిదో లోకము అడుగలేదు.

1882లో ఇరువురు డాయిట్జ్‌ను విడిచి స్టుట్‌గార్ట్ సమీపమున గల కన్‌స్టాట్ చేరుకొన్నారు. డైమ్లర్ ఇంటి తోటలోని మొక్కల గాజు గదియే వారి ప్రయోగశాల. రాత్రింబవళ్ళు తలుపులు మూసుకొని పని చేయుట చూచి తోటమాలికి అనుమానము కలిగినది. దొంగనాణెములు ముద్రించుచున్నారని ఆయన పోలీసులకు చెప్పగా వారు వచ్చి సోదా చేశారనియు, ఇంజను ముక్కలు తప్ప వారికేమియు దొరకలేదనియు చెప్పుకొందురు.

ఆనాటి ఇంజనులు భారీవి. నిమిషమునకు నూట యాభై, నూట ఎనభై సార్లు మాత్రమే తిరిగేవి. కన్‌స్టాట్‌లో పుట్టిన చిన్న ఇంజను 600 సార్లు తిరిగినది. నిలువుగా గోడగడియారము వలె ఉండుట వలన దానికి తాతగారి గడియారము అను ముద్దుపేరు వచ్చినది. 1885లో దానిని కట్టెబండికి అమర్చగా మోటారు సైకిలుకు ఆద్యమైన వాహనము ఏర్పడినది. 1886లో గుర్రపుబండికి అమర్చారు. 1889 పారిస్ ప్రదర్శనలో మైబాఖ్ రూపొందించిన ఉక్కు చక్రముల కారును చూపారు. గుర్రపుబండికి ఇంజను తగిలించుట కాదు, కారును కారుగానే ఊహించవలెనని ఆయన తలచాడు.

1890లో డైమ్లర్ పేర కంపెనీ ఏర్పడినది. పెట్టుబడిదారులు మైబాఖ్‌కు పాలకవర్గములో స్థానము ఇవ్వలేదు. ఇచ్చిన షరతులు అవమానకరముగా తోచి 1891లో ఆయన బయటికి వచ్చాడు. డైమ్లర్ తన స్వంత ధనముతో కన్‌స్టాట్‌లోని హెర్మన్ హోటలులో ఆయనకు పనిచోటు ఏర్పాటు చేశాడు. విందులు, నాట్యములు జరుగవలసిన తోటమందిరములో ఇంజనుల చప్పుడు మొదలైనది. పదవి లేదు, కంపెనీ లేదు. మన కథలోని జెట్టు అక్కడనే పుట్టినది.

అంతకు పూర్వము పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి, లేచిన ఆవిరిని ఇంజనుకు అందించేవారు. పెట్రోలులోని తేలిక అంశములు ముందుగా ఆవిరైపోయి, బరువైనవి అడుగున మిగిలేవి. కావున ఒక గంటకు ఉన్న మిశ్రమము మరియొక గంటకు ఉండేది కాదు. మైబాఖ్ పెట్రోలును ఆవిరి చేయక తుంపర చేయ సంకల్పించాడు. ఒక చిన్న గిన్నెలో తేలు బిళ్ళ వలన పెట్రోలు ఎల్లప్పుడు ఒకే మట్టములో ఉంటుంది. ఆ గిన్నె నుండి సన్నని గొట్టము గాలి దారిలోనికి వస్తుంది. పిస్టను క్రిందికి దిగగా గాలి వేగముగా దూసుకొని వచ్చి ఆ గొట్టపు మొన వద్ద పీడనము తగ్గుతుంది. పెట్రోలు తనంత తానే తుంపరగా చిమ్ముతుంది. పీల్చు గాలి ఎంతయో, చిమ్ము పెట్రోలు ఇంచుమించు అందుకు తగినంత. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు పదునాలుగున్నర కిలోలకు పైగా గాలి కావలెను. ఆ లెక్కను మనిషి చేయి లేకుండ గాలియే చూచుకొనునట్లు ఆయన చేశాడు. 1893లో దీనికి ఫ్రాన్సులో పేటెంటు లభించినది. అదే కాలమున హంగరీలో బాంకి, చోంకా అను ఇరువురు కూడ ఇదే మార్గమును కనుగొన్నారని చెప్పుట ధర్మము.

కంపెనీకి మైబాఖ్ లేని లోటు తెలిసివచ్చినది. 1895లో డైమ్లర్‌తో పాటు ఆయనను తిరిగి పిలిచి సాంకేతిక అధిపతిని చేశారు. 1900 మార్చిలో డైమ్లర్ మరణించాడు. ఆ సంవత్సరమే ఎమిల్ యెల్లినెక్ అను వ్యాపారి, తక్కువ ఎత్తు, ఎక్కువ శక్తి గల కొత్త కారు కావలెనని కోరాడు. మైబాఖ్ చేసిన 35 గుర్రముల శక్తి గల కారు 1901 మార్చిలో నీస్ పట్టణపు పందెములలో అన్నింటిని మించిపోయినది. వేలకొలది సన్నని గొట్టములతో తేనెతుట్టె వలె ఉన్న దాని రేడియేటర్ కూడ ఆయన సృష్టియే. ఫ్రెంచివారు ఆయనను రూపకర్తలకు రాజు అని పిలిచారు. కాని కారుకు పెట్టిన పేరు యెల్లినెక్ కుమార్తెది: మెర్సిడెస్. కంపెనీ పేరు డైమ్లర్, కారు పేరు మెర్సిడెస్, గీసినది మైబాఖ్. 1907లో అభిప్రాయభేదముల మధ్య ఆయన ఆ కంపెనీని విడిచి వెళ్ళవలసి వచ్చినది. అప్పటికి ఆయనకు అరువది ఒక్క ఏండ్లు.

ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1908లో కౌంట్ జెప్పెలిన్ నిర్మించిన ఆకాశనౌక ఒకటి కాలి బూడిద కాగా, దానికి మరింత నమ్మకమైన ఇంజను కావలెనని తలచి, 1909లో జెప్పెలిన్‌తో కలిసి కొత్త కర్మాగారము నెలకొల్పాడు. దానిని నడిపినది కుమారుడు కార్ల్. మొదటి ప్రపంచయుద్ధము తరువాత అదే కర్మాగారము మైబాఖ్ పేరుతో కార్లు చేసినది. ఆ విధముగా ఆయన పేరు ఒక కారుపై కనబడినది. పెట్టినది మాత్రము కుమారుడు. స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయము 1916లో ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చినది. విశ్వవిద్యాలయములో ఒక దినమైనను చదువని అనాథ బాలునికి అది ఆలస్యముగా అందిన పత్రము. 1929 డిసెంబరు 29న ఆయన కన్నుమూశాడు. కన్‌స్టాట్ శ్మశానవాటికలో డైమ్లర్ సమాధి ఉన్నచోటనే ఆయన సమాధి కూడ కలదు.

ఆ తుంపర గొట్టము సుమారు నూరేండ్లు ప్రపంచమును నడిపినది. 1967లో జర్మనీలో తయారైన ఎలక్ట్రానిక్ ఇంజెక్షను గల కార్లు అమ్మకమునకు వచ్చినవి. మన దేశములో 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 నిబంధనలు వచ్చిన పిమ్మట కొత్త మోటారు సైకిళ్ళ నుండి కూడ కార్బురేటర్ దాదాపు తొలగిపోయినది. అయితే పాత కార్లను ప్రేమించువారు దాని రూపమును విడువలేక, కొత్త విద్యను దాని గుల్లలో దాచుచున్నారు. ఇది మోసమా అని మేము షెడ్డులో అడిగాము. ఆ మెకానిక్ అల్మారా తెరచి ఒక చిన్న డబ్బా చూపాడు. తీసివేసిన జెట్లు, ఫ్లోటు, సూది అన్నియు నూనెగుడ్డలో చుట్టి, కారు నంబరు వ్రాసి ఉంచాడు. ఇంజనుపై ఒక్క కొత్త రంధ్రము చేయలేదు. ఎప్పుడు కావలసినను పాతది తిరిగి బిగించవచ్చును. యజమాని కారు అమ్మదలచిన నాడు లోపల ఏమున్నదో కొనువానికి చెప్పవలెనని ముందే ఒప్పందము. దాచుట దోషము కాదు. దాచినదాని పేరు అడిగినప్పుడు చెప్పకపోవుట దోషము.

ఆ డబ్బాను చూచినప్పుడు మాకు మా అట్ట జ్ఞప్తికి వచ్చినది. ఆటో, డైమ్లర్, మెర్సిడెస్ అను మూడు గుల్లల లోపల పని చేసినవాడు మైబాఖ్. మన ప్రదర్శనలో శాఖ అను గుల్ల లోపల పని చేసినవాడు ఒక మెకానిక్ కుమారుడు. జర్మనీ పెట్టుబడిదారులను తప్పుపట్టుట సులభము. వారు చేసిన పనినే మేము స్వంత చేతివ్రాతతో చేశాము.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఇకపై ప్రతి నమూనా ముందు, అధ్యాపకుల పేర్లకు పైన, దానిని చేతితో చేసిన విద్యార్థి పేరు తెలుగులోను, ఉర్దూలోను వ్రాయునట్లు నియమము చేయవలెను. విద్యార్థి మిత్రులారా, పేరు రాలేదని పని మానకండి, మైబాఖ్ మానలేదు. కోసిన ఆ కార్బురేటర్ ఇప్పటికిని ప్రయోగశాల అల్మారాలో ఉన్నది. దాని ముందు ఉన్న అట్టను మేము మార్చి వ్రాశాము. చూడదలచినవారు వెళ్ళి చూడవచ్చును.