మోటారును విప్పి చూచిన మనిషి

శ్రీశైల యాత్ర యనగానే ఒకప్పుడు ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా సాగు కాలిబాటయే యాత్రికులకు తలపునకు వచ్చెడిది. నడువలేనివారు డోలీల నాశ్రయించెడివారు. నల్లమలలో మోటారు బాట వెలసిన పిదప ఆ కష్టము చాలవఱకు తీఱినది. దోర్నాల మలుపులలో నిండు బస్సు ఆయాసపడుచు ఎక్కుచుండగా, దానిని నడపు యంత్రమును గూర్చి ఆలోచించు యాత్రికులు మాత్రము అరుదు. ఇట్టిదే మఱియొక కొండ దేవుని క్షేత్రమునకు, తమిళదేశమందలి పళనికి, నూఱేండ్లకు పూర్వమే బస్సు నడపుట కారంభించి, మోటారు విద్యలో తనకు తానే గురువైన తెలుగువాడొకడు కలడు. ఆయనయే కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు.

వారి పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునగల కలంగల్ గ్రామమున జన్మించిరి. విజయనగర ప్రభువుల కాలమునను, తరువాత మధుర నాయకుల కాలమునను దక్షిణమునకు తరలిపోయిన తెలుగు రైతు కుటుంబములు ఆ కొంగునాట అనేకము కలవు. ఇంట తెలుగు, వీథిలో తమిళము వారి వాడుక. పసితనముననే తల్లి గతించెను. తండ్రి సేద్యగాడు. బడి చదువు కుఱ్ఱవానికి రుచింపలేదు. ప్రాథమిక తరగతులతోనే అది ముగిసినది. అయ్యవారి మొగమున ఇసుక చల్లి పాఱిపోయెనను కథ యొకటి కూడ ప్రచారములో నున్నది. ఉపాధ్యాయులైన చదువరులు దీనికి నొచ్చుకొన నక్కఱలేదు. ఆ బాలుడే పెద్దవాడై ఒక సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాలగుట ముందు చూడనున్నాము.

1912 ప్రాంతమున రెవిన్యూ శాఖకు చెందిన తెల్లదొర యొకడు రడ్జ్ కంపెనీవారి మోటారు సైకిలుపై ఆ పల్లెల వైపు వచ్చెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు, త్రొక్కుట లేదు. బండి తనంతట తాను పరుగెత్తుచున్నది. చూచినవారందఱు వింతపడి ఇండ్లకు పోయిరి. ఇరువదేండ్లయిన నిండని దొరస్వామి మాత్రము అది ఎట్లు కదలుచున్నదో తెలిసికొనితీరవలెనని పట్టుపట్టెను. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. మూడేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టిన సొమ్ముతో అట్టి బండి నొకదానిని కొనెను. కొన్నవాడు దాని నెక్కి ఊరేగవలసినది. అతడు దానిని మఱకు మఱ విప్పి నేలపై పఱచెను, మరల కూర్చెను. పెట్రోలు గాలితో కలియు చోటేది, నిప్పురవ్వ పుట్టు చోటేది, లోపలి ప్రేలుడు పిస్టనును త్రోయగా ఆ బలము చక్రమునకు చేరు దారి యేది అను విషయములన్నియు పుస్తకముచే గాక వ్రేళ్లచే నేర్చెను.

నడుమ ప్రత్తి వ్యాపారమున దిగి, మొదటి ప్రపంచ యుద్ధ కాలమున తిరుప్పూరులో కొంత ధనము గడించి, దానిని బొంబాయిలో పోగొట్టుకొనిరి. ఆ దెబ్బ వారి మేలునకే వచ్చినది. కోయంబత్తూరులోని ఆంగ్ల వర్తకుడు సర్ రాబర్ట్ స్టేన్స్ తోడ్పాటుతో 1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచి పళనుల నడుమ సుమారు 60 కిలోమీటర్ల దారిలో తామే డ్రైవరై నడపిరి. ఆ యొక్క బస్సే కొన్ని యేండ్లలో యు.ఎం.ఎస్. అను పేర వందలకొలది బస్సుల సంస్థ అయినది.

ఆనాటి బస్సు నేటి బస్సువంటిది కాదు. విదేశమునుండి ఓడలో వచ్చునది చట్రము, చక్రములు, ఇంజను మాత్రమే. పైకట్టడమంతయు ఇచటి వడ్రంగులు, కమ్మరులు కూర్చవలసినదే. చలిదేశపు దారులకై చేసిన ఇంజను మన యెండలో, మట్టి బాటలో, నిండు జనముతో పోవలసివచ్చినప్పుడు రేడియేటరులో నీరు మరగిపోవును, స్ప్రింగులు విఱుగును. ఒక్క భాగము చెడినచో క్రొత్తది ఓడ దిగువఱకు బండి మూలబడును. నేడు కొందఱు సంపన్నులు ఎనుబది తొంబది యేండ్లనాటి కారు కొని, అందు నేటి ఇంజను, నేటి బ్రేకులు అమర్చి ముచ్చట తీర్చుకొందురు. ఇంజను నొక్కదానిని మార్చుటతో ఆ పని తీఱదు. వేగము హెచ్చినచో దాని నాపు బ్రేకు హెచ్చవలెను. బలము హెచ్చినచో దానిని భరించు గేర్లు, ఇరుసు గట్టిపడవలెను. వేడిమి హెచ్చినచో చల్లార్చు ఏర్పాటు పెరుగవలెను. ఒకటి మార్చినవాడు నాలుగు మార్చక తప్పదు. వీరికి ముచ్చటయైన పని నాయుడుగారికి జీవనాధారము. బండి ఆగిన దినమున రాబడియు ఆగును గదా! అందువలన వారి సంస్థకు గుండెకాయ బస్సు స్టాండు గాక కర్మశాల యయ్యెను. ఇంజను గోడలలోని లోపములను పసికట్టు పరికరము అచటనుండి వెలువడినదే. విద్యార్థులు ఈ కాలమునే శ్రద్ధగా గమనింపవలెను. తరువాత వచ్చిన కీర్తియంతయు ఈ నూనె మరకల ఫలము.

ఆ కర్మశాల క్రమముగ మోటారు వాహనముల హద్దు దాటినది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి వెలువఱచిన విద్యుత్ మోటారు భారతదేశమున తయారైన మొదటిదిగా ప్రసిద్ధి కెక్కినది. పొడి బ్యాటరీతో నడచు క్షౌరయంత్రము రాసంట్ అను పేర జర్మనీలో తయారై అమ్ముడుపోయినది. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలమని ప్రకటించిరి. కిరసనాయిలుతో తిరుగు పంకా, పండ్ల రసము తీయు యంత్రము మొదలగువాని జాబితా మిక్కిలి పెద్దది. దానిని ఏకరువు పెట్టుట వలన మనిషి తెలియడు.

మనిషి తెలియునది 1945లో. ఆ యేట కోయంబత్తూరులో నాయుడుగారి చొరవతో, ధనసహాయముతో, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు కళాశాల వెలసినవి. బడి విడిచిన నాయుడుగారే ప్రిన్సిపాలు. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమనియు, పని చేయుచు నేర్చినచో రెండేండ్లు చాలుననియు వారి నిశ్చితాభిప్రాయము. ప్రభుత్వ మంగీకరింపలేదు. వారు పదవి విడిచిరి. ఈ వివాదమున న్యాయమంతయు ఒక్క వైపున నున్నదనుట కష్టము. గణితము, పదార్థ శాస్త్రము కుదురుగా నేర్వనిదే వంతెనలు కట్టువాడు రెండేండ్లలో సిద్ధము కాడు. కాని నాలుగేండ్లు చదివియు ఒక్క ఇంజనునైన విప్పి చూడని పట్టభద్రులను ఎఱిగినవారు నాయుడుగారి కోపమును పూర్తిగా త్రోసిపుచ్చజాలరు. ఆ కళాశాలయే నేటి కోయంబత్తూరు గవర్నమెంటు కాలేజి ఆఫ్ టెక్నాలజీ.

ఇంతకన్న పెద్ద దెబ్బ 1952లో తగిలినది. ఇద్దఱు కూర్చుండదగిన పెట్రోలు కారు నొకదానిని నాయుడుగారు రూపొందించిరి. వెల సుమారు 2,000 రూపాయలు. నలుబదేండ్ల క్రిందట ఒక మోటారు సైకిలును నేలపై పఱచిన చేతులకు ఇది సహజమైన ముగింపు. కాని పరిశ్రమలకు లైసెన్సు తప్పనిసరి చేయు చట్టము 1951లో వెలువడియుండెను. దేశమున ఎవరు, ఏ వస్తువును, ఎంత చేయవలెనో ప్రభుత్వము నిర్ణయించు కాలమది. నాయుడుగారి కారునకు లైసెన్సు లభింపలేదు. తయారీ ఆగిపోయినది. విదేశమారకమును, ఉక్కును పొదుపుగా వాడుకొనవలసిన క్రొత్త రాజ్యమునకు దాని కారణములు దానికి కలవు. ఐనను, సామాన్యునికి అందుబాటులో నుండు చిన్న కారు అను మాట లక్ష రూపాయల నానో కారుగా 2009లో మార్కెట్టునకు వచ్చువఱకు మనదేశమున పదే పదే వినబడుచునే యుండెను.

నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన కన్నుమూసిరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై పాత కార్లకు ప్రత్యేకమైన ప్రదర్శనశాల యొకటి వారి కుటుంబమువారి యాజమాన్యమున 2015నుండి కలదు. నూఱేండ్ల వయస్సుగల బండ్లను బాగుచేసి అచట నిలిపినారు. ఆ రోడ్డుమీదనే పీలమేడు దగ్గఱ ఒక బస్సు స్టాపు కలదు. కళాశాల అచటనుండి తరలిపోయి డెబ్బదేండ్లు దాటినను, కండక్టర్లు దానిని నేటికిని హోప్స్ అనియే పిలుతురు.