గురజాడ బాటలో చేయందించిన వారెందరో
వారాల చదువు నుంచి వాడుక భాషోద్యమం వరకు మహాకవి ప్రస్థానం

విజయనగరం: ఆధునిక తెలుగు సాహిత్యానికి ఆద్యుడిగా మహాకవి గురజాడ వేంకట అప్పారావు పేరు సుపరిచితం. ‘కన్యాశుల్కం’ నాటకం, ‘ముత్యాల సరాలు’, ‘దిద్దుబాటు’ కథ తెలియని తెలుగు పాఠకుడు అరుదు. అయితే తండ్రిని కోల్పోయి విజయనగరం చేరిన ఓ నిరుపేద విద్యార్థి మహాకవిగా ఎదగడం వెనుక పలువురి ఆదరణ ఉంది. ఆశ్రయమిచ్చిన ప్రధానాచార్యుడు, సరైన సమయంలో సలహా ఇచ్చిన పత్రికా సంపాదకుడు, అవకాశాలు కల్పించిన మహారాజు, కడదాకా తోడు నిలిచిన సహాధ్యాయి ఆయన జీవితాన్ని మలుపు తిప్పారు. తాను పొందిన ఆ ఆదరణను గురజాడ తన తరువాతి తరానికీ పంచారు.

వారాల చదువు

గురజాడ 1862 సెప్టెంబరు 21న ఎలమంచిలి సమీపంలోని ఎస్.రాయవరంలో జన్మించారు. తల్లిదండ్రులు కౌసల్యమ్మ, వెంకట రామదాసు. తండ్రి విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. ఆయన చీపురుపల్లిలో పనిచేస్తున్నందున గురజాడ పదేళ్ల వయసు వరకు అక్కడే చదువుకున్నారు. వాగు దాటుతూ వరద ఉద్ధృతికి తండ్రి మరణించడంతో కుటుంబానికి ఆధారం పోయింది. విజయనగరం చేరిన బాలుడు వారాలు చేసుకుంటూ చదువు కొనసాగించాల్సి వచ్చింది. రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదువుకోవడం ఆనాటి పేద విద్యార్థులకు పరిపాటి.

ఆ దశలో అతణ్ని చేరదీసిన వారు మహారాజా కళాశాల ప్రధానాచార్యులు సి.చంద్రశేఖర శాస్త్రి. ఉచితంగా వసతి, భోజనం కల్పించి చదువుకు అడ్డంకి లేకుండా చూశారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తిచేసిన గురజాడ, అదే ఏడాది మహారాజా ఉన్నత పాఠశాలలో నెలకు 25 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే 1886లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు.

సహాధ్యాయి గిడుగు

విజయనగరం పాఠశాలలో గురజాడకు లభించిన మరో వరం గిడుగు వెంకట రామమూర్తి స్నేహం. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు కూడా బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకుని చదువు కోసం విజయనగరం వచ్చారు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు, ఒకే కష్టం. గిడుగు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరడంతో ఊళ్లు వేరయినా వారి మైత్రి చెదరలేదు. సుమారు మూడు దశాబ్దాల తరువాత తెలుగు వచన స్వరూపాన్నే మార్చిన ఉద్యమంలో ఇద్దరూ భుజం కలిపి నిలిచారు.

కలకత్తా సంపాదకుని హితవు

విద్యార్థి దశలో గురజాడ రచన ఆంగ్లంలోనే సాగింది. ఆయన రాసిన ‘సారంగధర’ ఆంగ్ల కావ్యం 1883లో ‘ఇండియన్ లీజర్ అవర్’ పత్రికలో వెలువడింది. ఆ పత్రిక సంపాదకులు గుండుకుర్తి వెంకటరమణయ్య యువకవిని ఎంతగానో ప్రోత్సహించారు. కలకత్తా నుంచి వెలువడే ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ దృష్టి ఆ కావ్యంపై పడింది. ఆయన దానిని తన పత్రికలో పునర్ముద్రించారు.

కలకత్తా వంటి మహానగరంలో పేరుమోసిన సంపాదకుని మెప్పు పొందడం చిన్న పట్టణంలోని యువకుడికి సామాన్య విషయం కాదు. ఆ మెప్పుతోనే ఆగిపోయి ఉంటే గురజాడ బహుశా ఆంగ్లంలో రాసిన భారతీయ కవుల్లో ఒకరిగా మిగిలేవారు. ముఖర్జీ మాత్రం ప్రశంసతో సరిపెట్టలేదు. ఎంత పట్టు ఉన్నా ఆంగ్లం పరాయి భాషేనని, మాతృభాషలో రాస్తే ఇంతకంటే ఉన్నత శిఖరాలు అందుకోగలరని హితవు చెప్పారు. తెలుగువాడు కాని ఓ వంగదేశీయుడు, తన పత్రికకు పనికివచ్చే కవిని తెలుగు వైపు మళ్లించడం విశేషం. ముఖర్జీ 1894లో కన్నుమూశారు. అప్పటికి రెండేళ్ల ముందే ‘కన్యాశుల్కం’ విజయనగరం రంగస్థలమెక్కింది.

ఆనంద గజపతి ఆదరణ

గురజాడ 1886లో కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కార్యాలయంలో హెడ్ క్లర్కుగా పనిచేశారు. 1887లో వంద రూపాయల జీతంపై మహారాజా కళాశాలలో అధ్యాపకుడిగా చేరడంతో ఆయన జీవితం స్థిరపడింది. ఒకప్పుడు తనను ఆదుకున్న ప్రధానాచార్యుని కళాశాలలోనే పాఠాలు చెప్పే స్థాయికి చేరుకున్నారు. 1889లో ఆనంద గజపతి చర్చా సంఘానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1891లో జీతం 140 రూపాయలకు పెరిగింది. అదే ఏడాది సంస్థాన శాసన పరిశోధకుడిగానూ నియమితులయ్యారు.

విద్యావంతుడు, కళాపోషకుడు అయిన ఆనంద గజపతిరాజు ప్రోత్సాహం ఉద్యోగాలకే పరిమితం కాలేదు. విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసే దురాచారంపై మహారాజు వివరాలు సేకరింపజేశారు. మూడేళ్లలో అలాంటి వివాహాలు 1,034 నమోదయ్యాయి. అయిదేళ్ల వయసులో పెళ్లయిన బాలికలు 99 మంది కాగా, ఏడాది వయసు పసికందులు ముగ్గురు ఉన్నారు. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో ఈ లెక్కలను పొందుపరిచారు. పోషకుడు సేకరించిన అంకెలకు రచయిత ప్రాణం పోశారు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ఆ నాటకం 1897 జనవరిలో అచ్చయింది. దానిని గురజాడ ఆనంద గజపతికే అంకితమిచ్చారు.

అండ పోయిన వేళ

పుస్తకం వెలువడిన కొద్ది నెలలకే, 1897 మే నెలలో ఆనంద గజపతి అకాల మరణం పొందారు. ఆయనకు సంతానం లేకపోవడంతో సంస్థాన వారసత్వంపై వివాదం తలెత్తింది. ఒక్క ప్రభువు నీడనే నమ్ముకున్న వారికి అలాంటి సమయంలో నిలువ నీడ ఉండదు. గురజాడకు మాత్రం సంస్థానంతో ఉన్న అనుబంధం తెగలేదు. మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబ ఆయనను తన ఆంతరంగిక కార్యదర్శిగా నియమించుకున్నారు. దావా వ్యవహారాల భారం చాలావరకు ఆయనపై పడింది. పాత రికార్డుల పరిశీలన, న్యాయవాదులతో సంప్రదింపులు, మద్రాసు ప్రయాణాలతో ఏళ్లు గడిచాయి. ఉద్యోగం నిలిచింది, రచనకు సమయం కరవైంది. ‘కన్యాశుల్కం’ను దాదాపు తిరగరాసి, బాగా పెంచి రెండో కూర్పుగా వెలువరించడానికి 1909 వరకు ఆగాల్సి వచ్చింది.

యేట్స్ రాకతో కదలిక

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ.యేట్స్‌కు ఒక సందేహం కలిగింది. పిల్లలు మాట్లాడే తెలుగుకు, పుస్తకాల్లో చదివే తెలుగుకు అంత తేడా ఎందుకున్నదో ఆయనకు అర్థం కాలేదు. విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రధానాచార్యులు పి.టి.శ్రీనివాస అయ్యంగార్‌ను అడగగా, ఆయన గిడుగు, గురజాడల పేర్లు సూచించారు. అలా ఒక అధికారి సందేహం, ఒక ప్రధానాచార్యుని సూచన చిన్ననాటి మిత్రులిద్దరినీ ఒకే కార్యరంగంలో కలిపాయి.

ఈ నలుగురి సామర్థ్యాలూ ఒకదానికొకటి తోడయ్యాయి. గిడుగుది శాస్త్ర పాండిత్యం. శ్రీనివాస అయ్యంగార్‌కు విద్యారంగంలో పలుకుబడి. యేట్స్‌కు అధికార హోదా. వాడుక భాషలో గొప్ప సాహిత్యం సృష్టించవచ్చని రచనతో నిరూపించే బాధ్యత గురజాడది. 1910లో బందరు నుంచి వెలువడిన ‘ఆంధ్ర భారతి’ పత్రిక ఆయనకు వేదికయింది. ‘దిద్దుబాటు’ కథ అందులోనే అచ్చయింది.

ఓటమిలోనూ వీడని తోడు

గురజాడ 1911లో మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్య నిర్ణాయక మండలి సభ్యులయ్యారు. విద్యార్థులు వ్యాసాలు ఏ భాషలో రాయాలన్న వివాదం అప్పటికే ముదిరింది. దీనిపై ఏర్పడిన సంఘంలో గ్రాంథిక వాదులదే పైచేయి అయింది. వాడుక భాషను సమర్థించిన వారు కొద్దిమందే మిగిలారు. 1913లో ఉద్యోగ విరమణ చేసి అనారోగ్యంతో ఉన్న గురజాడ, వెనుకడుగు వేయకుండా సుదీర్ఘమైన అసమ్మతి పత్రాన్ని ఆంగ్లంలో రాసి 1914లో వెలువరించారు. అదే విశ్వవిద్యాలయం ఆయనను ఫెలోగా గౌరవించింది. వాదం మాత్రం ఆనాడు గెలవలేదు. 1915 నవంబరు 30న, 53 ఏళ్ల వయసులో గురజాడ విజయనగరంలో తుదిశ్వాస విడిచారు.

మిత్రుడు ఆపిన చోటు నుంచి గిడుగు కొనసాగించారు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పాటైంది. అదే ఏడాది ‘తెలుగు’ పత్రికను గిడుగు స్థాపించారు. 1940లో కన్నుమూసే వరకు ఆయన వాడుక భాష కోసం శ్రమించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

లేఖల్లో పదిలమైన బంధాలు

తన కంటే చిన్నవారిని ఆదరించడంలోనూ గురజాడ ముందుండేవారు. బుర్రా శేషగిరిరావు వంటి యువ సాహితీపరులతో ఓపికగా ఉత్తర ప్రత్యుత్తరాలు సాగించారు. భాష గురించి, రచన గురించి తన ఆలోచనలను దాచుకోకుండా పంచుకున్నారు. ఆయన లేఖలు, దినచర్య పుస్తకాలు తరువాతి కాలంలో అవసరాల సూర్యారావు సంపాదకత్వంలో వెలుగు చూశాయి. గురజాడ జీవితంలో ఎవరెవరు ఏ దశలో తోడ్పడ్డారో పరిశోధకులకు తెలియడానికి ఇవి ముఖ్య ఆధారాలయ్యాయి.

విజయనగరంలో ఆయన నివసించిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. 2022లో పట్టణంలో ఏర్పాటైన సాంకేతిక విశ్వవిద్యాలయానికి గురజాడ పేరు పెట్టారు. దూర ప్రాంతాల నుంచి చదువు కోసం వచ్చే పేద విద్యార్థులు నేటికీ ఈ పట్టణంలో కనిపిస్తారు. ఒకనాడు అలాగే వచ్చిన బాలుడికి తన ఇంట చోటిచ్చి అన్నం పెట్టిన చంద్రశేఖర శాస్త్రి పేరు మాత్రం ఇప్పుడు కొద్దిమందికే తెలుసు. తెలుగు జాతికి ఒక మహాకవిని కాపాడి ఇచ్చిన ఘనతలో తొలి వాటా ఆయనదే.