రబ్బరును నమ్ముకున్న రిడ్లీ

సైకిల్ ట్యూబు పంక్చరైన రోజునే మనకు రబ్బరు విలువ తెలుస్తుంది. చెట్టు చావకుండా ఆ రబ్బరును తీసే పద్ధతి కనిపెట్టిన హెన్రీ నికోలస్ రిడ్లీ గురించి తోటి విద్యార్థులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

రిడ్లీ 1855 డిసెంబరు 10న ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసి, 1888లో సింగపూర్ బొటానికల్ గార్డెన్స్‌కు అధిపతిగా వెళ్ళారు. 1876లో బ్రెజిల్ నుంచి లండన్ చేరిన రబ్బరు గింజలు అక్కడ మొలకెత్తగా, వాటిలో 22 మొక్కలు 1877లో సింగపూర్‌కు వచ్చాయి. రిడ్లీ వెళ్ళేనాటికి ఆ చెట్లను పట్టించుకునేవారే లేరు.

బ్రెజిల్ అడవుల్లో చిన్న గొడ్డలితో చెట్టుకు గాట్లు పెట్టి పాలు తీసేవారు. గాటు లోతుగా దిగితే చెట్టు దెబ్బతినేది. రిడ్లీ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. బెరడును పలుచగా చెక్కుతూ అదే గాటును మళ్ళీ తెరిస్తే పాలు మరింతగా వస్తాయని, తెల్లవారుజామున బాగా కారతాయని గమనించారు. కత్తి ఎంత దిగాలో మన కల్లుగీత కార్మికుల చేతికి తెలుసు కదా! రబ్బరు గీతకూ అలాంటి చేయే కావాలి.

జేబుల నిండా గింజలు వేసుకుని, నాటండని తోటల యజమానులను ఆయన బతిమాలారు. వాళ్ళు పిచ్చి రిడ్లీ అని నవ్వుకున్నారు. చివరకు 1896లో మలక్కాలో టాన్ చే యాన్ సుమారు 40 ఎకరాల్లో నాటారు. మోటారు కార్లు పెరిగి టైర్లకు గిరాకీ రాగానే అందరూ రబ్బరు వైపే పరుగెత్తారు.

అయితే గింజలతో పెంచిన తోటలో ఏ చెట్టు దారి దానిదే. ఒకటి ధారగా పాలిస్తే పక్కది చుక్కలే రాల్చేది. పాలలో రబ్బరు శాతం, దాని రంగు, గట్టిదనం కూడా మారేవి. తర్వాతి శాస్త్రవేత్తలు మేలైన చెట్టు మొగ్గను మరో మొక్కకు అంటుకట్టి ఈ చిక్కును చాలావరకు తీర్చారు. కేరళలోని కొట్టాయం పరిశోధనా సంస్థ రూపొందించిన ఆర్ఆర్ఐఐ 105 రకం అలా వచ్చినదే.

ఇంకో సంగతి మరువరాదు. మలయా తోటల్లో చీకటితోనే లేచి చెట్లు గీసిన కూలీల్లో ఎక్కువమంది తమిళులు. మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన తెలుగువారూ వారిలో ఉన్నారు. లాభం కంపెనీలది, చాకిరీ వారిది.

రిడ్లీ నూరేళ్ళు నిండాక 1956 అక్టోబరు 24న కన్నుమూశారు. నవ్వినవారికి ఆయన పనితోనే జవాబు చెప్పారు. ఆయన పట్టుదల మనకు ఆదర్శం. ఆయన పేరుతోపాటు, పేరు లేకుండా పోయిన ఆ కూలీల చేతులనూ మేము తలచుకుంటున్నాము.