ఓఆర్‌ఎస్‌ గ్లాసులో వాంట్‌ హాఫ్‌ లెక్క

విరేచనాలవుతున్న బిడ్డకు ఓఆర్‌ఎస్‌ కాస్త చిక్కగా కలిపితే ఇంకా బలం కదా అని ఇల్లందులో తల్లులు అడుగుతుంటారు. మీకూ ఆ సందేహం ఉందా? దానికి జవాబిచ్చే లెక్కను 130 ఏళ్లకు ముందే ఓ డచ్‌ శాస్త్రవేత్త చేసిపెట్టారు. ఆయనే జాకబస్‌ హెన్రికస్‌ వాంట్‌ హాఫ్‌. ఇంటర్‌ చదివే మీ పిల్లలకు ఈ పేరు తెలిసే ఉంటుంది.

1852 ఆగస్టు 30న రోటర్‌డామ్‌లో ఓ డాక్టరు ఇంట పుట్టారు. 22 ఏళ్లకే కార్బన్‌ పరమాణువు అమరికపై చిన్న పుస్తకం వేశారు. పశువైద్య కళాశాలలో పనిచేసేవాడికి ఇవన్నీ ఎందుకని జర్మనీ ప్రొఫెసర్‌ కోల్బె 1877లో అచ్చులోనే ఎద్దేవా చేశారు. మరుసటి ఏడాదే వాంట్‌ హాఫ్‌ ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్‌ అయ్యారు.

నీటిని పోనిచ్చి చక్కెరను ఆపే పొరకు అటు మంచినీళ్లు, ఇటు చక్కెర నీళ్లు ఉంటే, నీరు చక్కెర వైపే పోతుంది. ఆ ఒత్తిడిని వృక్షశాస్త్రవేత్త ఫెఫర్‌ అప్పటికే కొలిచారు. వాయువుల సూత్రమే పలుచని ద్రావణాలకూ వర్తిస్తుందని వాంట్‌ హాఫ్‌ 1887లో చూపారు. మన ఇల్లందులో బొగ్గు తవ్వకాలు మొదలైన కాలమది. కరిగింది ఏమిటన్నది కాదు, ఎన్ని కణాలున్నాయన్నదే ముఖ్యం. ఈ కణాల లెక్కనే ఆస్మోలారిటీ అంటాం.

ఇప్పుడు ఓఆర్‌ఎస్‌ చూడండి. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు. దాన్ని అణుభారం 180తో భాగిస్తే 0.075 మోల్‌, అంటే 75 మిల్లీమోళ్లు. గ్లూకోజు నీటిలో విడిపోదు కాబట్టి దాని వాటా 75 మిల్లీఆస్మోళ్లే. లవణాలు మాత్రం విడిపోతాయి. వాటి వాటా 170. మొత్తం 245. రక్తంలో ఇది సుమారు 290. ద్రావణం రక్తం కన్నా పలుచన కనుక, గ్లూకోజు, సోడియం జంటగా పేగు గోడ దాటుతుంటే నీరూ వాటి వెంటే ఒంట్లోకి చేరుతుంది.

లీటరు ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపారనుకోండి. 245 కాస్తా 1225 అవుతుంది! అప్పుడు ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. లీటరు నీటికి 100 గ్రాముల గ్లూకోజు పొడి వేసినా 555 దాటుతుంది. తియ్యటి కూల్‌డ్రింకులతోనూ ఇదే చిక్కు.

1901లో రసాయన శాస్త్రంలో తొలి నోబెల్‌ వాంట్‌ హాఫ్‌దే. 1911 మార్చి 1న బెర్లిన్‌ దగ్గర క్షయతో కన్నుమూశారు. అప్పటికి 58 ఏళ్లు. ఓఆర్‌ఎస్‌ను ఆయన చూడనేలేదు.

మీరు చేయాల్సింది చిన్న పనే. ప్యాకెట్‌ మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి పోయండి. కలిపింది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.